ఎత్తు వేరు, వ్యూహం వేరు

అనకాపల్లి గవరపాలెంలో మా లెక్కల మేష్టారి ఇంటి అరుగు మీద ఆడిన ఒక చదరంగం ఆట కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయనవి తెల్ల పావులు, నావి నల్లవి. పన్నెండు ఎత్తులయ్యేసరికి ఇద్దరి బలం సమానం. ఎవరి రాజుకూ ముప్పు లేదు. పదమూడో ఎత్తులో ఆయన మూలనున్న ఏనుగును ఒక్క గడి పక్కకు జరిపారు. దాని ముందు అడ్డంగా ఉన్నది ఆయన సొంత బంటే.

“సొంత బంటు వెనక ఏనుగెందుకండీ మేష్టారూ?” అని అడిగాను.

“ఏటి బాబూ, చెరకు ముచ్చె నాటిన రోజే రసం అడుగుతావా?” అన్నారు.

ఆ ఆట ఓడిపోయాను. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకుందామని రాత్రి కాగితం ముందేసుకుని ఒక్కో ఎత్తూ చూశాను. ఇదిగో ఇక్కడ పొరపాటు అని వేలు పెట్టి చూపించగల ఎత్తు ఒక్కటీ దొరకలేదు. నా బంటు పోయింది 34వ ఎత్తులో. మరి మేష్టారు ఇరవై ఎత్తుల ముందే అదంతా చూసేశారా?

చూసి ఉండరు. అది మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆట మొదలుపెట్టేటప్పుడు తెల్ల పావులకు 20 రకాల ఎత్తులున్నాయి, నల్ల పావులకూ అన్నే. చెరో ఎత్తు వేసేసరికి ఆట 400 దారుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. చెరో మూడు వేసేసరికి ఆ దారులు 11 కోట్ల 90 లక్షలు దాటుతాయి. 1950లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ మొత్తం ఆటల సంఖ్యకు ఒక అంచనా వేశాడు. ఒకటి పక్కన 120 సున్నాలు. ఇన్ని దారుల్లో ఇరవై ఎత్తుల ముందుకు చూడటం ఏ బుర్రకూ సాధ్యం కాదు.

మనకు “ఎత్తుకు పై ఎత్తు” అనే మాట ఉంది. చదరంగమంటే అదేనని చాలామంది అనుకుంటారు. అవతలివాడు ఒకటి వేస్తే నేనొకటి, దానికి వాడొకటి. నేనూ అలాగే ఆడాను. మేష్టారి ఆట వేరు. అదేమిటో తెలియాలంటే ఆ బల్లను కాస్త దగ్గరగా చూడాలి.

ఆట మధ్యలో బంట్లు కొట్టుకున్నాక, మంత్రి వైపు అంచున ఆయనకు రెండు బంట్లు మిగిలాయి, నాకు మూడు. నాకే ఎక్కువ ఉన్నాయి కదా, అటు భయం లేదనుకున్నాను. ఆయన ఏనుగును రెండో నిలువు వరుసలోకి తెచ్చి, దాని ముందున్న బంటును రెండు గడులు తోశారు. పక్క బంటును తోడు పంపారు. మొదటి బంటును ఇంకో గడి నెట్టి, నా బంటుతో మార్పిడి చేసుకున్నారు. నాలుగైదు ఎత్తుల పని, అంతే. అది పూర్తయ్యాక సి6లో, అంటే మూడో నిలువు వరుసలోని ఆరో గడిలో, నా బంటు ఒంటరిగా మిగిలింది. అటూ ఇటూ దానికి కాపు కాసే మరో బంటు లేదు. ఆ నిలువు వరుసలో మేష్టారి బంటు ఎప్పుడో పోయింది కాబట్టి, ఆయన ఏనుగులకు దాని మీదికి దారి తెరిచే ఉంది. తక్కువ బంట్లతో ఎక్కువ బంట్ల మీదికి వెళ్లే ఈ పద్ధతిని చదరంగంలో మైనారిటీ అటాక్ అంటారు.

బంటుకు బంటు కాపలా ఉంటే చవక. ఏనుగూ మంత్రీ కాపలా కాయాల్సి వస్తే చాలా ఖరీదు. నా పెద్ద పావులన్నీ ఆ ఒక్క బంటు చుట్టూ చేరి కదలలేకపోయాయి. అప్పుడు మేష్టారు బల్లకు రెండో వైపున, నా రాజు ముందు, ఇంకో దెబ్బ తీశారు. అటు సర్దుకోవడానికి నాకు సమయం చాలలేదు. ఇటు సి6 పడిపోయింది.

ఇందులో అసలు విషయం బంటు స్వభావంలో ఉంది. పావులన్నిటిలో వెనక్కి నడవలేనిది బంటు ఒక్కటే. గుర్రాన్ని తప్పు గడిలో పెడితే తర్వాతి ఎత్తులో వెనక్కి తెచ్చుకోవచ్చు. బంట్ల వరుస ఒకసారి చెడితే ఇరవై ఎత్తుల తర్వాత కూడా అలాగే ఉంటుంది. దూరం ఆలోచించడం సాధ్యమయ్యేది ఇలా నెమ్మదిగా మారే వాటి గురించే. అనకాపల్లిలో చెరకు వేసిన రైతుకు మధ్యలో ఏ రోజు వాన పడుతుందో తెలియదు. అయినా పది పన్నెండు నెలలకు గానుగ ఆడుతుందని తెలుసు, దాన్నిబట్టే పొలం సర్దుకుంటాడు. మేష్టారు తన 25వ ఎత్తు ఏమిటో 13వ ఎత్తు నాడు చెప్పగలిగి ఉండేవారు కాదు. సి6లో ఒక బంటును ఒంటరిని చేయాలని మాత్రం ఆయనకు తెలుసు.

బుర్రలో ఈ దూరం ఆలోచన ఎలా జరుగుతుందో తెలుసుకునే ప్రయత్నం గట్టిగా చేసిన తొలితరం వాళ్లలో ఒకరు నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆడ్రియాన్ డి గ్రూట్. ఆయన స్వయంగా మంచి ఆటగాడు. 1946లో వెలువడిన ఆయన పరిశోధనలో ఆటగాళ్ల ముందు ఒక స్థితిని పెట్టి, ఆలోచనలను పైకి చెప్పమన్నారు. అలెహీన్, యూవీ లాంటి ప్రపంచ ఛాంపియన్లూ అందులో ఉన్నారు. గొప్పవాళ్లు మిగతావాళ్ల కంటే చాలా లోతుగా లెక్కలు వేస్తారని అందరూ ఊహించారు. ఫలితం అలా రాలేదు. లోతులో పెద్ద తేడా లేదు. గొప్పవాళ్లు ఆలోచించాల్సిన ఎత్తు దగ్గరికే నేరుగా వెళ్లారు, పనికిరాని దారుల్లోకి అడుగే పెట్టలేదు.

1973లో పరిశోధకులు విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీనికి కారణం చూపారు. నిజమైన ఆటలోంచి తీసిన స్థితిని ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నంత వరకు మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు మొదటి చూపులోనే పదహారు పావుల దాకా సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు నాలుగే. తర్వాత అవే పావులను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. మాస్టర్ జ్ఞాపకశక్తి మామూలుదే. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటను ఒక్కసారే చదివినట్టు, అతను పావుల గుంపులను చదువుతాడు. మేష్టారికి ఆ రెండు బంట్లూ మూడు బంట్లూ తెలిసిన మాటలా కనిపించాయి. నాకు విడివిడి అక్షరాల్లా కనిపించాయి.

అయితే డి గ్రూట్ చెప్పిందే ఆఖరి మాట అనుకోకూడదు. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, చదరంగం కంటే తేలికైన, నాలుగు కాయలు వరుసగా పేర్చే ఆట ఆడేవాళ్లను గమనించారు. అనుభవం పెరిగేకొద్దీ ముందుచూపు లోతు కూడా పెరుగుతుందని తేలింది. వ్యూహం దారి చూపుతుంది, లెక్క ఆ దారిలో గుంతలున్నాయేమో చూస్తుంది. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ పోటీ పెట్టడమే తప్పు.

గుర్తుపట్టే శక్తి లెక్క భారాన్ని తగ్గించడం యంత్రాల్లోనూ కనిపిస్తుంది. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. 2017లో వచ్చిన ఆల్ఫాజీరో ప్రోగ్రామ్ సెకనుకు దాదాపు 80 వేలే చూసి, ఏడు కోట్లు చూసే మరో ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్‌ను ఓడించింది. ఏ స్థితి మంచిదో గుర్తుపట్టడం తనతో తాను ఆడుకునే నేర్చుకుంది.

వ్యూహంలో ఒక ప్రమాదం కూడా ఉంది. 2008లో పరిశోధకులు బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబె కలిసి చేసిన ప్రయోగంలో, బాగా తెలిసిన పద్ధతిలో ఆటకట్టు అయ్యే స్థితినొకదాన్ని ఆటగాళ్లకిచ్చారు. అదే బల్ల మీద అంతకంటే దగ్గరి దారి ఇంకొకటి ఉంది. తెలిసింది దొరికాక “ఇంకా మంచిది వెతుకుతున్నాం” అని ఆటగాళ్లు చెప్పారు. వాళ్ల కళ్ల కదలికలను కెమెరాతో పట్టి చూస్తే, చూపు మళ్లీ మళ్లీ పాత దారి గడుల మీదికే పోతోంది. అబద్ధమాడాలని కాదు, నిజంగా వెతుకుతున్నామనే నమ్మారు. అందుకే వేసుకున్న పథకాన్ని నాలుగైదు ఎత్తులకొకసారి కావాలని పక్కన పెట్టి, బల్లను కొత్తగా చూడాలి.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగిన ఆట వ్యూహంతో ఆడటానికి మన కాలపు మంచి ఉదాహరణ. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో అప్పటి ఛాంపియన్, చైనాకు చెందిన డింగ్ లిరెన్‌తో ఆఖరి, 14వ ఆట ఆడుతున్నాడు. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఆ పోటీకి గుకేశ్‌ను సిద్ధం చేసిన బృందంలో ఒకరు. స్కోరు చెరి ఆరున్నర. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉన్నా, బంట్లన్నీ ఒకే వైపు ఉండటంతో అది డ్రా కావలసిన స్థితి. చాలామంది అక్కడ చేతులు కలిపేవారు. గుకేశ్ కలపలేదు. తనకు నష్టం లేకుండా, డింగ్‌కు ప్రతి ఎత్తూ పరీక్ష అయ్యేలా ఆడుతూ పోయాడు. డింగ్ శకటు ఒక మూల గడిలో ఉంది. 55వ ఎత్తులో అతను ఏనుగును మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోగానే గుకేశ్ శకటు ఎదురు నిలిచింది. మూలన ఉన్న దానికి తప్పించుకునే దారి లేక అదీ మార్పిడైంది. రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన ఆ స్థితిలో ఎక్కువ బంటు ఉన్న గుకేశ్‌దే గెలుపు. 58 ఎత్తులకు ఆట ముగిసి, 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఆ 55వ ఎత్తును అతను ముందే ఊహించి ఉండడు. అలాంటి పొరపాటుకు చోటున్న స్థితిని మాత్రం గంటల తరబడి నిలబెట్టాడు.

సెలవు రోజుల్లో ఆడుకునే మనకు ఇది అందని విద్యేమీ కాదు. బల్ల మీద హడావుడి లేని వేళ రెండు నిమిషాలు ఆగండి. ఏ బంటుకు బంటు కాపలా లేదు? నా పావుల్లో పని లేకుండా కూర్చున్నది ఏది? నేను ఏమీ చేయకపోతే అవతలివారు ఏం చేస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికాకే చెయ్యి పావు మీద వేయండి. ఎత్తులు రాసుకోవడం అలవాటు చేసుకోండి, ఓడిన ఆట కాగితాన్ని పారేయకండి. నా కాగితంలో పదమూడో ఎత్తు ఎందుకు వేశారో నాకు నాలుగోసారి చూసినప్పుడు అర్థమైంది.