జ్వరమాని పగిలితే...

చేయి జారి జ్వరమాని కిందపడింది. గాజు పగిలి, వెండిపూసల్లాంటి బిందువులు గచ్చు మీద దొర్లాయి. నెడితే విడిపోతాయి, దగ్గరకు చేరిస్తే ఒకటైపోతాయి. వాటితో ఆడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆగండి పిల్లలూ! ముట్టుకోకండి.

అది పాదరసం. నీటికంటే 13.6 రెట్లు బరువైన ద్రవలోహం. జ్వరమానిలో ఉండేది సుమారు ఒక గ్రామే. కాని అది గది వేడికే మెల్లగా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోపలికి వెళ్లి రక్తంలో కలుస్తుంది. ఎక్కువైతే మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

చీపురుతో ఊడిస్తే సరిపోదా? లెక్క వేసి చూడండి. ఒక బిందువు వెయ్యి సమాన బిందువులుగా చెదిరితే మొత్తం ఉపరితల వైశాల్యం పది రెట్లవుతుంది. ఆవిరీ అంతకంతకు పెరుగుతుంది!

పోనీ, తూములో పోస్తే? పాదరసం మూలకం. కాల్చినా, పాతినా నశించదు. కాలువల బురదలోని బాక్టీరియా దాన్ని మరింత విషపూరితమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల్లో చేరుతుంది. జపాన్‌లోని మినమాటలో ఒక రసాయన కర్మాగారం ఈ విషం కలిసిన నీటిని సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు తిన్నవారు నరాల జబ్బుతో తల్లడిల్లారు. 1956లో ఆ వ్యాధి బయటపడింది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాలు చేసుకున్న ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

మరి ఏం చేయాలి?

వెంటనే పెద్దవాళ్లను పిలవండి. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, మీరు బయటకు వచ్చేయండి. శుభ్రం చేసేవారు ముందుగా ఉంగరాలు, గాజులు తీసేయాలి. పాదరసం తగిలితే బంగారం దానితో కలిసి తెల్లబడిపోతుంది! రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు గట్టి అట్టముక్కలతో బిందువులను దగ్గరకు చేర్చాలి. టార్చిలైటును ఏటవాలుగా వేస్తే మూలల్లో దాగినవి మెరుస్తాయి. వాటిని మందు చుక్కల డ్రాపరుతోనో, అంటుకునే టేపుతోనో తీయాలి. గాజుపెంకులతో సహా అన్నిటినీ మూత గట్టిగా బిగిసే సీసాలో వేసి, పైన 'పాదరసం' అని రాయాలి.

ఆ సీసాను మామూలు చెత్తలో కలపకూడదు. మనదేశంలో 2016లో వచ్చిన నియమాలు పగిలిన జ్వరమానులను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. వాడేసిన బ్యాటరీలు, గడువు తీరిన మందులు, పురుగుమందుల డబ్బాలు కూడా ఆ జాబితాలోవే. చెత్తబండి వచ్చినప్పుడు సీసాను విడిగా, అందులో ఏముందో చెప్పి మరీ ఇవ్వాలి. ఎందుకంటే, మనం కలిపేసిన చెత్తను చేతులతో వేరుచేసేది ఆ కార్మికులే. మన గడప దాటిన విషం మాయమైపోదు. మరొకరి చేతికి చేరుతుంది.