తెగిపోయిన కనెక్షన్‌కు జాడ ఉండదు: ఇంటి కంప్యూటర్‌లో లాగ్ ముందే ఎందుకు మొదలుపెట్టాలి?

ప్రోతరాపూర్ (దక్షిణ అండమాన్): నెల రోజులకు సరిపోవలసిన డేటాలో సగం ఒక్క రాత్రిలో ఖర్చయిపోతుంది. లేదా బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము పోయిందన్న సందేశం తెల్లవారుజామున ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ రాత్రంతా ఇంట్లోని కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. అది ఏ సమయంలో, ఎక్కడికి, ఏ ప్రోగ్రామ్ ద్వారా కనెక్ట్ అయింది? కంప్యూటర్‌నే అడిగి తెలుసుకోవచ్చునని చాలామంది భావిస్తారు. అయితే ముందుగా ఏర్పాటు చేసుకోని ఇంటి కంప్యూటర్‌లో ఈ ప్రశ్నకు సమాధానం దాదాపుగా దొరకదు.

ద్వీపాలలో ఈ ప్రశ్న తలెత్తడమే కొంత కొత్త. 2020 ఆగస్టు 10న చెన్నై-పోర్ట్ బ్లెయిర్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యే వరకు అండమాన్ నికోబార్ ద్వీపసముదాయం ప్రధాన భూభాగంతో ఇంటర్నెట్ అనుసంధానానికి ఉపగ్రహాలపైనే ఆధారపడింది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, దాదాపు రూ.1,224 కోట్ల వ్యయంతో వేసిన ఆ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌ను, అంటే ఇప్పటి శ్రీ విజయ పురాన్ని, సెకనుకు 200 గిగాబిట్ల సామర్థ్యం గల రెండు మార్గాలతో చెన్నైకి కలిపింది. నగరానికి ఆనుకుని ఉన్న ప్రోతరాపూర్ వంటి ప్రాంతాల ఇళ్లలో కూడా కంప్యూటర్ రోజంతా నెట్‌కు అంటిపెట్టుకుని ఉండడం దీనితో సాధ్యమైంది. ఉపగ్రహ అనుసంధానం ఉన్న రోజులలో ఒక అనుమానాస్పద ప్రోగ్రామ్ వెనుక నుంచి డేటాను తరలిస్తే నెట్ నెమ్మదించి వెంటనే తెలిసేది. వేగవంతమైన లైనులో అదే పని ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది.

కనెక్షన్లను చూడడానికి ఎక్కువ మందికి తెలిసిన సాధనం 'నెట్‌స్టాట్'. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఆదేశం ఇస్తే కంప్యూటర్ ఆ క్షణాన ఏయే చిరునామాలతో, ఏయే పోర్టుల ద్వారా మాట్లాడుతోందో వరుసగా కనిపిస్తుంది. ఇది ఫొటో వంటిది, వీడియో కాదు. కనెక్షన్ ముగిసిన కొద్ది నిమిషాలకు దాని వరుస జాబితా నుంచి మాయమవుతుంది. రాత్రి ఒంటిగంటకు జరిగినది ఉదయం ఏడుగంటల నెట్‌స్టాట్‌కు తెలియదు. విండోస్ సెట్టింగ్స్‌లోని 'డేటా యూసేజ్' పుట గత 30 రోజులలో ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా వాడిందో చూపుతుంది. డేటా పరిమితి ఎందుకు అయిపోయిందని ఆరా తీసేవారికి మొదట అక్కడ చూడడమే సులభం. ఎంత వెళ్లిందో అది చెబుతుంది, ఎక్కడికి వెళ్లిందో చెప్పదు.

ఈ లోటును పూరించేది లాగ్. ద్వీపవాసులకు ఈ మాట పరాయిది కానక్కరలేదు. ఇంగ్లీషులో లాగ్ అంటే దుంగ. ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నావికులు సముద్రంలోకి విడిచేవారు, నిర్ణీత సమయంలో ఎన్ని ముడులు జారాయో లెక్కించి ఓడ వేగాన్ని పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం లాగ్‌బుక్ అయింది, దాని పేరే కంప్యూటర్‌కూ వచ్చింది. ప్రయాణం ముగిశాక కూర్చుని రాసేది కాదు అది. జరుగుతున్నప్పుడే రాయాలి.

విండోస్‌లో ఇందుకు వేరే ప్రోగ్రామ్ కొననవసరం లేదు. ఫైర్‌వాల్‌కే లాగ్ రాసే సౌకర్యం ఉంది, కానీ అది మొదట ఆపివేసి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో 'విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ'ని తెరచి, 'ప్రాపర్టీస్'లో 'ప్రైవేట్', 'పబ్లిక్' ప్రొఫైళ్ల కింద ఉన్న 'లాగింగ్' విభాగానికి వెళ్లాలి. అక్కడ నిరోధించిన ప్యాకెట్లకు, విజయవంతమైన కనెక్షన్లకు వేర్వేరు మీటలు ఉంటాయి. చాలామంది మొదటిదాన్ని మాత్రమే ఆన్ చేసి ఊరుకుంటారు. అది పొరపాటు. లోపలి నుంచి బయటికి డేటాను తరలించే దుష్ట ప్రోగ్రామ్‌ను ఫైర్‌వాల్ సాధారణంగా అడ్డుకోదు గనుక, దాని ఆనవాలు రెండో జాబితాలోనే పడుతుంది. లాగ్ ఫైలు పరిమాణం మొదట 4,096 కిలోబైట్లు మాత్రమే. అది నిండితే ఒక పాత ప్రతిని మాత్రం ఉంచుకుని ఫైర్‌వాల్ కొత్త ఫైలు మొదలుపెడుతుంది. చురుకుగా వాడే కంప్యూటర్‌లో ఇది త్వరగా నిండుతుంది కాబట్టి గరిష్ఠ పరిమితి అయిన 32,767 కిలోబైట్లకు పెంచుకోవడం మేలు.

ఈ లాగ్‌లోని ప్రతి పంక్తిలో తేదీ, సమయం, రెండు వైపుల చిరునామాలు, పోర్టు సంఖ్యలు ఉంటాయి. ప్రోగ్రామ్ పేరు మాత్రం ఉండదు. అది కూడా కావాలనుకునేవారికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా అందించే 'సిస్‌మాన్' ఉంది. కనెక్షన్‌ను ప్రారంభించిన ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ యూజర్ పేరుతో నడిచిందో అది ఈవెంట్ వ్యూయర్‌లో మూడవ నంబరు ఈవెంట్‌గా నమోదు చేస్తుంది. ఇక్కడ కూడా నెట్‌వర్క్ నమోదును ప్రత్యేకంగా కోరితేనే మొదలవుతుంది. లినక్స్ వాడేవారు ఫైర్‌వాల్ నియమాలలో కొత్త కనెక్షన్లను నమోదు చేయమని ఒక పంక్తి చేర్చుకోవచ్చు.

లాగ్ ఉన్నంత మాత్రాన అన్నీ తెలిసిపోతాయనుకోవడం సరికాదు. అందులో కనిపించే అంకెల చిరునామా తరచుగా క్లౌడ్‌ఫ్లేర్, అకమాయ్ వంటి సంస్థల సర్వర్‌ది అయి ఉంటుంది. ఒకే చిరునామా వెనుక వేలాది వెబ్‌సైట్లు ఉండవచ్చు. ఏ పేరు కోసం వెతికితే ఆ అంకె వచ్చిందో తెలియాలంటే డీఎన్‌ఎస్ లాగ్ కూడా అవసరం. విండోస్‌లో అదీ మొదట ఆపివేసే ఉంటుంది. సందేశంలో ఏముందో మాత్రం ఏ కనెక్షన్ లాగూ చెప్పదు. ఉత్తరం మీది చిరునామా, తపాలా ముద్ర కనిపిస్తాయి, కవరు లోపలిది కనిపించదు. అయినా ఇంట్లో ఎవరు ఏ వేళ కంప్యూటర్ వాడారో తెలియడానికి ఆ ముద్రే చాలు. కనుక లాగ్ మొదలుపెట్టిన సంగతిని మిగతా కుటుంబసభ్యులకు చెప్పడం మర్యాద.

దీనికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. కంప్యూటర్‌పై పూర్తి అధికారం సంపాదించిన చొరబాటుదారు లాగ్‌ను కూడా చెరిపివేయగలడు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా ఎందుకు వచ్చిందో చూడమని పని అప్పగించారు. ఎవరో దొంగగా లోపలికి వస్తున్నారని గ్రహించిన ఆయన, అక్కడి కంప్యూటర్ లాగ్‌ను నమ్ముకోలేదు. ఒక వారాంతంలో ప్రింటర్లు, టెర్మినళ్లు పోగుచేసి, బయటి నుంచి వచ్చే సుమారు 50 లైన్లకు తగిలించారు. చొరబాటుదారు కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడింది. ఆ కాగితాన్ని దూరం నుంచి చెరపడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ జాడలు చివరకు పశ్చిమ జర్మనీలోని హనోవర్‌కు దారి తీశాయి. ఇంటి కంప్యూటర్‌కు ప్రింటర్ కట్టనక్కరలేదు. లాగ్ ఫైలును క్రమం తప్పకుండా పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసి, దాన్ని వెంటనే విడదీస్తే అదే ప్రయోజనం కొంతవరకు నెరవేరుతుంది.

ఇంటర్నెట్ సేవా సంస్థల దగ్గర లాగ్‌లు ఉంటాయి కదా అన్న సందేహం సహజం. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సేవాప్రదాతలు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. అవి దర్యాప్తు సంస్థలు అడిగితే బయటికి వచ్చేవి. పైగా ఆ ఇంట్లోని ఏ ప్రోగ్రామ్ కనెక్షన్ తెరచిందన్నది వాటిలో ఉండదు.

డబ్బు పోయినప్పుడు మొదట చేయవలసింది 1930కి ఫోన్ చేయడం, లాగ్ చదువుతూ కూర్చోవడం కాదు. కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీయాలి. భయంతో వెంటనే ఫార్మాట్ చేయించకూడదు, అలా చేస్తే లాగ్ కూడా పోతుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రాన్ని కోరుతుంది. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువను కూడా రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఈ విలువ మారిపోతుంది. అందుకే నకలు తీసిన రోజే దాన్ని లెక్కించి కాగితం మీద రాసి ఉంచుకోవాలి.

సమయం విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్న ప్రోతరాపూర్‌లో సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందే ఉదయించినా గడియారం మాత్రం అదే. విండోస్ ఫైర్‌వాల్ లాగ్ ఈ గడియారాన్నే అనుసరిస్తుంది. విదేశీ సర్వర్ల రికార్డులు చాలావరకు యూటీసీలో, అంటే అయిదున్నర గంటలు వెనుక ఉంటాయి. ఇంటి లాగ్‌లో రాత్రి 1.10కి పడిన పంక్తిని అక్కడ ముందురోజు 19.40 వద్ద వెతకాలి.