వయసును బట్టి ప్రామాణీకరించిన ప్రాప్తాంకాలు: ఇంగ్లండ్ ‘ఎలెవెన్ ప్లస్’ పరీక్ష

అంకమధ్యమం, ప్రామాణిక విచలనం లెక్కకట్టడం మీకు తెలుసు. ఆ రెండూ కలిసి పదేళ్ల పిల్లలు ఏ బడిలో చేరాలో ఎలా నిర్ణయిస్తాయో ఇప్పుడు చూద్దాం.

ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల్లో గ్రామర్ స్కూళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ప్రవేశానికి పిల్లలు ‘ఎలెవెన్ ప్లస్’ పరీక్ష రాస్తారు. చాలాచోట్ల ఇది సెప్టెంబరులో జరుగుతుంది. అక్కడ సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవారంతా సాధారణంగా ఒకే తరగతిలో చదువుతారు. అందువల్ల అప్పుడే పదకొండేళ్లు నిండిన అమ్మాయి, మొన్ననే పదేళ్లు నిండిన అబ్బాయి ఒకే గదిలో ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. పెద్దవాళ్లకు ఏడాది తేడా ఒక లెక్కలోది కాదు. పదేళ్లవాడికి మాత్రం అది అప్పటిదాకా గడిచిన జీవితంలో పదోవంతు.

కింది అంకెలు కేవలం ఉదాహరణకు ఊహించినవి. 80 మార్కుల పరీక్షలో ఇద్దరికీ 58 వచ్చాయనుకుందాం. ఇవి ముడి ప్రాప్తాంకాలు. పదేళ్లవారి అంకమధ్యమం 44, పదకొండేళ్లవారిది 48, రెండింటికీ ప్రామాణిక విచలనం 10 అనుకోండి. సాధారణంగా కొత్త కొలబద్దలో అంకమధ్యమాన్ని 100గా, ప్రామాణిక విచలనాన్ని 15గా తీసుకుంటారు.

అబ్బాయి: 100 + 15 × (58 – 44) ÷ 10 = 121
అమ్మాయి: 100 + 15 × (58 – 48) ÷ 10 = 115

బకింగ్‌హామ్‌షైర్‌లో అర్హతకు కావలసినది 121. ఇదే అక్కడి ఫలితమైతే అబ్బాయి అర్హుడు, అమ్మాయి కాదు. “మా పిల్లకూ అవే మార్కులు వచ్చాయి కదా!” అని ఆమె తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి? అబ్బాయికి ఎవరూ మార్కులు దానం చేయలేదు. సాధారణ సంభావ్యతా వక్రం ప్రకారం 121 అంటే తన వయసువారిలో దాదాపు 92 శాతం మంది కంటే పైన ఉన్నట్టు. 115 అంటే దాదాపు 84 శాతం మంది కంటే పైన. ప్రతి బిడ్డనూ తన ఈడువారితోనే పోల్చారు. ఈ సవరణ లేకపోతే పుట్టిన నెలే బడిని నిర్ణయించేది. నా దృష్టిలో ఇది న్యాయమైన సవరణే.

అయితే 121 వచ్చినవాడికి, 120 వచ్చినవాడికి తెలివిలో నిజంగా తేడా ఉందని మాత్రం అనుకోకండి. ఏ పరీక్షకైనా కొలతలో దోషం ఉంటుంది. మరో రోజు రాస్తే వాళ్లిద్దరి స్థానాలు తారుమారు కావచ్చు. పైగా ఈ పద్ధతి సరిచేసేది వయసు తేడానొక్కదాన్నే. డబ్బు పెట్టి తీసుకున్న ట్యూషన్ వల్ల వచ్చిన ఆధిక్యాన్ని ఇది తీసివేయలేదు.

121ని శాతంగా చదవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. 100 అంటే నూటికి నూరు కాదు, ఆ వయసుకు సగటు. మన ఈఏపీసెట్ నార్మలైజేషన్‌తోనూ దీన్ని కలపకండి. వేర్వేరు పూటల ప్రశ్నపత్రాల కష్టంలో తేడాను సరిచేయడానికే అది. అభ్యర్థి వయసుతో దానికి సంబంధం లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పదిన్నరేళ్లవారి అంకమధ్యమం 46, ప్రామాణిక విచలనం 10 అయితే, 58 మార్కులు వచ్చిన బిడ్డ ప్రామాణిక ప్రాప్తాంకం ఎంత? 121 చేరాలంటే ముడి ప్రాప్తాంకం ఎంత ఉండాలి? (జవాబులు: 118; 60)