పాత కారుకు వెడల్పు టైర్లు

మన కె.జి.ఎఫ్. వారికి ఇనుము కోయడం, అతకడం ఒకరు నేర్పనక్కరలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినా ఆ పనితనం ఊరు విడిచి పోలేదు. అందుచేత తాతగారి నాటి అంబాసిడరుకు వెడల్పు టైర్లు తొడగాలని ఏ కుర్రవాడికైనా బుద్ధి పుడితే, కాదనే టింకరు దొరకడం అరుదు. కాదనవలసినది ఇంటి పెద్దలే. అందుకు సంగతి తెలియాలి గదా!

పాత అంబాసిడరు టైరు కొలత 5.90–15. అనగా వెడల్పు సుమారు 150 మిల్లీమీటర్లు. దాని బదులు 185 టైరు వేస్తే ఒక్కొక్క ప్రక్కకు 17 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వినడానికి స్వల్పమే. కాని వెనుక చక్రపు గూటిలో లోపలివైపు కమాను పట్టీలు, బయటివైపు మడ్‌గార్డు అంచు ఉన్నవి. ఖాళీ బండిలో అంతా సరిపోయినట్లే కనబడుతుంది. వెనుక ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం మూట వేసి, బేతమంగళం దారిలో ఒక గుంతలో దిగినప్పుడు టైరు ఆ అంచుకు రాసుకుంటుంది. రేకు అంచు కత్తి వంటిది.

ఇందుకు చిన్న ఉపాయం, ఆ అంచును వేడిచేసి రోలరుతో కొద్దికొద్దిగా లోనికి మడవడం. తొందరపడితే రంగు బీటలు వారుతుంది. అతుకు విడితే నీరు చేరి తుప్పు పడుతుంది. మడిచిన చోట రెడ్ ఆక్సైడు పూయించాలి. పెద్ద ఉపాయం, గూటినే కోసి లోనికి జరిపి కొత్త రేకు అతకడం. అమెరికాలో పందెపు కార్లకు ఇలా చేస్తారు. అవసరమైతే కమాను పట్టీలను సైతం జరుపుతారు. మన ఇంటి కారుకు ఇంత కోత ఎందుకో నాకు బోధపడదు. పైగా పెట్రోలు టాంకు విప్పకుండా అక్కడ వెల్డింగు చేస్తే ప్రాణాపాయం.

ఇక కాగితాల సంగతి. గుమాస్తాను గనుక నా దృష్టి ముందు అటే పోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనినే స్పష్టపరచింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటిన కారును వింటేజి బండిగా రిజిస్టరు చేయించవచ్చు. అయితే చాసిస్, బాడీ, ఇంజను మార్పు లేక అసలు రూపంలో ఉండాలి. గూడు కోసిన బండికి ఆ యోగ్యత పోయినట్లే. టైరు కొలత మార్చడానికి కూడా ఆర్.టి.ఓ. కార్యాలయంలో ముందుగా విచారించుకొనుట మంచిది.

అన్నీ కుదిరి కొత్త టైరు తొడిగితే, మడ్‌గార్డు అంచుకు సుద్ద రాసి, నలుగురిని ఎక్కించి, గుంతల దారిలో మెల్లగా కొంతదూరం పోయి రండి. టైరు మీద తెల్లగీత పడిందేమో, ఎంత వెడల్పున పడిందో స్కేలుతో కొలవండి. టింకరుతో మాట ఆ తరువాత.