సగటు బరువుల పోలికలో విశ్వాస అంతరాల అన్వయం

1803లో పాట్రిక్ రసెల్ ప్రచురించిన విశాఖపట్నపు చేపల గ్రంథం ద్వారా 'కనగుర్త' అన్న స్థానిక నామం శాస్త్రీయ నామంలోనూ స్థిరపడింది. విశాఖ, భీమునిపట్నం తీరాల కనగుర్తల సగటు బరువులను పోల్చదలచామనుకుందాం. ఒక్కొక్క చోట యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 100 చేపలను తూచగా సగటులు 120, 127 గ్రాములు, ప్రామాణిక విచలనం రెండింటా 20 గ్రాములు వచ్చాయని ఊహిద్దాం. అప్పుడు ఒక్కొక్క సగటు ప్రామాణిక దోషం 2 గ్రాములు. 95 శాతం విశ్వాస అంతరాలు 116.1–123.9, 123.1–130.9.

ఇవి కొంతమేర కలిసినందున భేదం లేదని తీర్మానించరాదు. భేదానికే విశ్వాస అంతరాన్ని గణించాలి. దాని ప్రామాణిక దోషం, 2 వర్గానికి 2 వర్గం కలిపిన మొత్తపు వర్గమూలం, అనగా 2.83. దానిని 1.96తో గుణిస్తే 5.5. కనుక భేదపు అంతరం 1.5 నుండి 12.5 గ్రాములు. ఇందులో సున్నా లేదు, భేదం గణనీయమే. అయితే రెండుచోట్లా వల కన్ను పరిమాణం, వేట కాలం ఒకటే కాకుంటే, ఆ భేదం చేపలదో వలదో ఈ గణన చెప్పలేదు.