రింగులు మార్చుటకు ముందు కొలత చూడుడు

దుక్కుల కాలమున ట్రాక్టరు ఆగినచో పదును ఆగదు. ఇంజను నీలిపొగ విడుచుచు, నూనె త్రాగుచు, బరువు లాగలేకుండినంతనే ‘బోరుకు వచ్చినది’ అని క్రొత్త రింగులు వేయించుట వాడుక. కొలత చూడక వేసిన రింగులు కొలది కాలమునకే చెడి, ఖర్చు మరల మీదఁ బడును. కావున సభ్యులకు కొన్ని సంగతులు విన్నవించుచున్నాము.

ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీసి చూడుడు. పొగ ఒత్తుకొని వచ్చినచో, మండిన వాయువు రింగులను దాటి క్రిందికి దిగుచున్నదని అనుమానింపవలెను. నీలిపొగ మాత్రమే యున్నచో వాల్వు గైడులను గూడ పరీక్షింపవలెను.

సిలిండరు పైకొనను రింగు తగులనిచోట అరుగని గట్టు మిగులును. దానిని తీయక పిస్టనును పైకి నెట్టినచో గాడుల అంచులు విరుగవచ్చును. పిదప సిలిండరును పైన, నడుమ, క్రింద, రెండు దిక్కులను కొలువవలెను. అరుగుదల కంపెనీ పుస్తకములోని హద్దు దాటినచో లైనరు మార్చుటయో, బోరు చేయించుటయో తప్పదు. క్రొత్త రింగులు మాత్రమే చాలవు.

క్రొత్త రింగును విడిగా సిలిండరులో నిలిపి, దాని రెండు కొనల సందును ఫీలరు గేజితో చూడవలెను. 100 మిల్లీమీటర్ల సిలిండరునకు సాధారణముగా 0.3 మొదలు 0.4 మిల్లీమీటర్ల సందుండును. చాలని యెడల వేడికి కొనలు తాకి రింగు విరుగును, సిలిండరు గీసికొనిపోవును.

రాడ్డు బేరింగులను చూడక ఇంజను మూయరాదు. రాగిరంగు బయటపడినను, లోతు గీతలున్నను మార్చవలెను. క్రాంకు షాఫ్టు గుండ్రదనము తప్పినచో సానపట్టించి, ఎంత తగ్గెనో అంతకు సరిపడు బేరింగులే వేయవలెను. బిగువుకొఱకు రాడ్డు మూతను ఆకురాయితో రాచుట కూడదు. ఏ రాడ్డు మూత ఆ రాడ్డునకే, తీసిన వైపుననే బిగింపవలెను.

ఇంతకును ఈ అరుగుదలకు ముఖ్యకారణము చేని దుమ్ము. గాలి ఫిల్టరు గొట్టమున చిన్న పగులున్నను చాలును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? ఫిల్టరును, గొట్టమును తఱచుగా చూచుకొనుడు. ఇంజను విప్పించినపుడు కొలతలను కాగితముపై వ్రాయించుకొని, పిమ్మటనే సామాను కొనుడని మా మనవి.