రంగు కింద తుప్పు

అక్కలూ! మీరందరూ జీపు చూసే ఉంటారు. సంతకు ఎక్కి పోయి కూడా ఉంటారు. ఈ బండి అసలు యుద్ధం కోసం పుట్టింది. 1941 నుండి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. అందుకే బురదలోనూ, కొండ దారిలోనూ పోతుంది. తర్వాత మన దేశంలో మహీంద్రా కంపెనీ అలాంటి జీపులే చేసింది. పాతవి ఇంకా కొన్ని తిరుగుతున్నాయి.

మా బావ పోయిన ఏడాది అలాంటి పాత జీపు కొన్నాడు. కొండ ఊళ్ళ నుంచి సంతకు మనుషుల్ని చేరవేద్దామని ఆశ. అక్క గాజులు బ్యాంకులో కుదువ పెట్టారు. బండి పచ్చ రంగుతో తళతళలాడింది. "అంతా విప్పి కొత్తగా చేశాం" అన్నాడు అమ్మినాయన.

నెల తిరగలేదు. దిగుడు దారిలో బావ బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా పోయింది. బండి ఆగలేదు. చేతి బ్రేకు లాగి, గట్టుకు ఆనించి ఆపాడు. అక్క కూడా అందులోనే ఉంది.

మిస్త్రీ వచ్చి ముందు చక్రాల లోపలి పక్క చూశాడు. ఒక చక్రం దగ్గర కొత్త రంగు పొలుసులుగా ఊడి ఉంది. బ్రేకు ఆయిలు తగిలితే రంగు ఊడుతుంది. అంటే లోపల ఆయిలు కారుతోందన్నమాట. పాత జీపులో నాలుగు బ్రేకులకూ ఆయిలు ఒకటే దారి. ఒక్క చోట కారినా నాలుగూ పోతాయి. ఇప్పటి బండ్లలో రెండు దారులు ఉంటాయి.

పాత రబ్బర్లు, తుప్పు పట్టిన పైపులు మార్చాడు. తర్వాత లోపలి గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. అక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. మిస్త్రీ చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేశాడు. ఆయిలుతో పాటు బుడగలు వచ్చాయి. "తొక్కే ఉంచమ్మా, నేను బిగించేదాకా కాలు తీయొద్దు" అన్నాడు. ముందే తీస్తే బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా నాలుగు చక్రాలకూ అలాగే చేశారు. అక్కకు కాలు పీకింది.

"అన్నా, ఇంకా ఏమేం దాచారో ఎట్లా తెలుస్తుంది?" అంది అక్క.

మిస్త్రీ ఒక అయస్కాంతానికి గుడ్డ చుట్టి ఇచ్చాడు. ఇనుము ఉన్న చోట అంటుకుంటుంది. లప్పం మందంగా పూసిన చోట జారిపోతుంది. తలుపు కింద జారింది. చక్రాల పైన జారింది. కాళ్ళ కింది పట్టా ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకు అప్పడంలా విరిగింది. తుప్పు తీయకుండా లప్పం పెట్టి, పైన రంగు కొట్టారు. కింది నుంచి నీళ్ళు తగులుతూనే ఉంటే తుప్పు ఆగుతుందా? బండి బరువంతా మోసే చాసిస్ సుత్తితో కొట్టి చూశారు. అది ఖంగుమంది. అక్క అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. బావ "ట్యాంకు ఖాళీయేగా, ఉండనీ" అన్నాడు. మిస్త్రీ కోప్పడ్డాడు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ పడితే పేలుతుంది. ట్యాంకు విప్పి దూరంగా పెట్టాకే పని మొదలైంది.

లైట్లు మసగ్గా వెలిగేవి. ఎర్త్ వైరు కింద కూడా రంగు కొట్టారు మరి! అక్కడ రంగు గీకి, ఇనుముకు ఆనేలా బిగిస్తే సరిపోయింది.

ఇప్పుడు జీపు సగం పచ్చ, సగం ఎర్ర ప్రైమరు. పిల్లలు చూసి నవ్వుతారు. రంగుకు ఇంకా డబ్బు లేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. సంత రోజున మాత్రం బయలుదేరే ముందు అక్క వంగి నాలుగు చక్రాల లోపలి పక్కా చూస్తుంది. తడి లేకపోతేనే ఎక్కుతుంది.